అధ్యక్షులవారి గడ్డం కింద బటన్

నల్లరేవుపాలెం మిర్చి రైతుల శీతల గిడ్డంగి సహకార సంఘం వారు రైతు లోకానికి సంతోషంతో తెలియజేయునది ఏమనగా, ఇకమీదట గిడ్డంగిలో చోటు కోసం ఎవరూ గేటు దగ్గర చొక్కాలు పట్టుకోనక్కర్లేదు. ఫోన్‌లో యాప్ వచ్చింది. రైతు తన కల్లంలో నిలబడి, తన ఫోన్‌లో ఒక్క బటన్ నొక్కితే లారీ వచ్చి మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, ఎత్తుకుపోతుంది. నొక్కనివారికి లారీ రాదు, గేటు తీయరు. ఈ ముక్క ఆటో మీద మైకు పెట్టి కూడా చెప్పారు.

యాప్ చేసింది ఆ ఊరి పిల్లే. వెంకటరావమ్మ కూతురు నాగజ్యోతి. మంగళగిరిలో కొత్తగా లేచిన అద్దాల ఆఫీసులో పని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈ యాప్ సంఘానికి నచ్చితే ఖాయం చేస్తామని పైవాళ్లు చెప్పారు. నచ్చకపోతే ఏం చేస్తారో వాళ్లు చెప్పలేదు, ఆ పిల్ల అడగలేదు.

నాగజ్యోతి మొదట చేసుకొచ్చిన తెర చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. తెల్లటి తెర. నడిమధ్యన పండుమిరపకాయ రంగులో పెద్ద బటన్. దాని మీద ‘చోటు కావాలి’. అంతే. అమ్మ మిట్ట మధ్యాహ్నం ఎండలో, కళ్లజోడు లేకుండా, ఘాటుకి తుమ్ముకుంటూ కూడా నొక్కగలగాలని ఆ పిల్ల ఆలోచన. ఎంత చదివినా సంఘం అంటే ఏమిటో కాలేజీలో చెప్పరు గదా.

అధ్యక్షులు యలమందయ్యగారు ఫోన్ చేతిలోకి తీసుకుని, అటు తిప్పి, ఇటు తిప్పి, వెనక వైపు కూడా చూశారు.

“ఏమ్మా, మనుషులేరీ?”

“మనుషులెందుకు పెదనాన్నా, బటన్ ఉందిగా.”

“బటన్ ఉంటే ఉండనీ. పెద్దవాళ్ల మొహాలు లేకుండా ఊళ్లో ఏదన్నా లేచిందా ఇంతవరకూ?”

ఆయన అన్నది నిజమే. ఆ చుట్టుపక్కల ఓణీల ఫంక్షన్‌కి ఫ్లెక్సీ కడితే అందులో ఓణీ వేసుకున్న పిల్ల ఎక్కడుందో మేనమామ కూడా వెతుక్కోవాల్సిందే. పై వరసలో పెద్దలు, కింది వరసలో కాబోయే పెద్దలు, పక్కన నల్ల కళ్లజోళ్లు పెట్టుకుని ఫోన్ మాట్లాడుతున్న మిత్రబృందం. పిల్లకి ఓ మూల బొట్టుబిళ్లంత చోటు మిగులుతుంది. ఇంత చక్కటి ఏర్పాటుకు అలవాటుపడిన జనానికి వట్టి తెర చూపిస్తే, అది నడిచే యాపే అని నమ్ముతారా?

ఫొటోలు పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఎక్కడ పెట్టాలన్న దాని దగ్గర లేచింది గొడవ. అధ్యక్షులు పైన ఉంటానన్నారు. ఉపాధ్యక్షుడు లక్ష్మీకాంత్ గారు తానూ పైనే ఉంటానన్నారు. తెరకి పైభాగం ఒక్కటే ఉండడం సాంకేతిక లోపమనీ, దాన్ని కంపెనీవారు సరిచేయాలనీ కొందరు సభ్యులు కోరారు.

అప్పుడు సంఘం సలహాదారు, లెక్కల మాస్టారుగా రిటైరైన రామచంద్రమూర్తిగారు గొంతు సవరించుకున్నారు. చుట్టుపక్కల ఏ ఇంటికి గుమ్మం ఎత్తాలన్నా ఆయన దారం పట్టాల్సిందే.

“నాలుగు మూలలున్న ప్రతిదీ స్థలమే. తెరకి నాలుగు మూలలున్నాయి. కనుక తెర స్థలమే. స్థలమన్నాక వాస్తు ఉండదా అమ్మా? నడిమధ్యన బటన్ పెట్టావ్. అది బ్రహ్మస్థానం. అక్కడ బరువు పెడితే సంఘం ఉంటుందా?”

సభలో ‘అమ్మో’ అని వినిపించింది. నాగజ్యోతి చేత అక్కడికక్కడే బటన్ తీయించారు. ఒక అరిష్టం తప్పింది.

“మరి ఫోన్ తిప్పితే మూలలు మారిపోతాయి గదండీ మాస్టారూ?” అని ఆ పిల్ల తెలివితక్కువగా అడిగింది.

“తిప్పనివ్వకు. రైతు తూర్పు ముఖంగా నిలబడాలి.”

ఫోన్‌లో దిక్సూచి ఉంటుంది. ఆ సంగతి ఆమె బయటపెట్టకుండా ఉండాల్సింది. పెట్టింది. దాంతో యాప్ తూర్పుకి తిరిగి నిలబడినవారికే తెరుచుకునేలా చేయమన్నారు. అలాగే చేసింది. ప్రపంచంలో మరే యాప్‌కూ ఇంతటి నిష్ఠ లేదని రామచంద్రమూర్తిగారు పొంగిపోయారు.

ఇక సర్దుడు మొదలైంది. పై ఎడమ మూల ఈశాన్యం. అక్కడ నీళ్లుండాలి కాబట్టి వాన కబురు పెట్టారు. పై కుడి మూల ఆగ్నేయం. అక్కడికి లక్ష్మీకాంత్ గారిని పంపబోతే ఆయన కుర్చీ వెనక్కి తన్ని లేచారు.

“నన్ను వంటింట్లో కూర్చోబెడతారంటయ్యా?”

పోనీ కింది ఎడమ మూల, వాయవ్యం అన్నారు.

“అది పెళ్లికెదిగిన ఆడపిల్లల గది. అక్కడున్నవాళ్లు ఎక్కువ కాలం ఇంట్లో ఉండరు. నన్ను సాగనంపుదామనే గదా మీ ఎత్తు!”

యలమందయ్యగారికి మాత్రం కింది కుడి మూల, నైరుతి, వెంటనే కుదిరింది. అది ఇంటి యజమాని మూల. నైరుతి ఎంత బరువుంటే అంత మంచిదని శాస్త్రం కాబట్టి ఆయన ఫొటో మిగతా అన్నిటికన్నా పెద్దది చేశారు. తెర ఎటు జరిపినా ఆయన మాత్రం జరగకూడదని ఇంకో తీర్మానం. యజమాని కదిలితే ఇల్లు నిలవదు గదా. ఆయన జరగనప్పుడు తానెందుకు జరగాలని లక్ష్మీకాంత్ గారు ఆయన పక్కనే, భుజానికి భుజం రాసుకుంటూ, అడుగు వరసలో శాశ్వతంగా కూర్చున్నారు. మిగిలిన చోటంతా సభ్యులు సర్దుకున్నారు. ఒకాయన తన పక్కన తన ఒంగోలు గిత్త కూడా ఉండాలన్నాడు. గిత్తకి పోటీల్లో బహుమతి వచ్చింది, కాదనలేకపోయారు.

అంతా అయ్యాక నాగజ్యోతి అడిగింది. “పెదనాన్నా, మరి బటనూ?”

సభ తెర మీద ఖాళీ కోసం వెతికింది.

“నీళ్ల తొట్టీ, పొయ్యీ, మంచం అన్నీ లోపలే పెట్టుకుంటాం గానీ, వచ్చేపోయేవాళ్ల వ్యవహారం ప్రహరీ బయటేగా?” అన్నారు రామచంద్రమూర్తిగారు. అందరికీ సబబుగా తోచింది. బటన్‌ను తెర అడుక్కి పంపారు. తెరను కిందిదాకా జరుపుకుంటూ పోతే అది వస్తుంది. వచ్చి, ఎప్పటికీ జరగని రెండు ఫొటోల వెనక నిలబడుతుంది. అధ్యక్షులవారిది తలుపంత ఫోన్. అందులో ఆయన చెవి పక్కన బటన్ అంచు ఎర్రగా కనపడింది. “ఉంది గదమ్మా, ఇంకేం కావాలి?” అన్నారాయన. ఫొటో మీద వేలు పడితే ఆయన చేతులు జోడించి ‘నమస్కారం. మీ అభిమానానికి కృతజ్ఞుణ్ణి’ అనే ఏర్పాటు, అలా ఎన్ని వేళ్లు పడ్డాయో తనకు లెక్క అందే ఏర్పాటు కూడా చేయించుకున్నారు.

ఇది పని చేయదని నాగజ్యోతికి తెలుసు. చెబుదామనుకుంది. ఉద్యోగం గుర్తొచ్చింది. “చాలా బాగుంది పెదనాన్నా” అంది.

వెంకటరావమ్మ పొలంలో ఆ ఏడు కాయ దండిగా దిగింది. కల్లం నిండా ఎర్రగా పరిచి ఉంది. ఆరిపోయింది, టిక్కీలకెత్తడమే తరువాయి, లారీ వస్తే చాలు. అకాల వానలు పడతాయని తెరలో ఈశాన్యం మూల వాన కబురు చెప్పనే చెప్పింది. ఆ మూల ఒక్కటే యాప్‌లో చెప్పినట్టు పని చేసింది.

మధ్యాహ్నం ఆఫీసులో అన్నం తినబోతున్న నాగజ్యోతికి ఫోన్ వచ్చింది.

“ఏమేవ్, నీ యాప్ తెరుచుకోవట్లేదే!”

“తూర్పుకి తిరిగి నిలబడమ్మా.”

“తిరిగాను. మబ్బు కూడా అటేపే ఉంది. కొండలా వస్తందే తల్లీ.”

“కంగారుపడకు. తెర కిందికి జరుపు.”

“జరుపుతున్నా. అందరూ జరుగుతున్నారు, గిత్త కూడా జరిగింది. యలమందయ్య బావ జరగట్లేదే!”

“ఆయన జరగడమ్మా. అది తీర్మానం. ఆయన గడ్డం కింద నొక్కు.”

“నొక్కా. దణ్ణం పెడతన్నాడు.”

“ఇంకొంచెం పక్కన.”

“లక్ష్మీకాంత్ కూడా దణ్ణం పెడతన్నాడే! ఈళ్ల దణ్ణాలు కాలవలో కలవా, చినుకులు పడతన్నయ్యే!”

ఫొటోలు పక్కకి తీయడం నాగజ్యోతికి నిమిషం పని. వేళ్లు మీటల దాకా వెళ్లాయి. ఆగి, పద్ధతి ప్రకారం అధ్యక్షులకు ఫోన్ చేసింది.

“తీయమ్మా, రైతు కష్టం ముఖ్యం” అన్నారు యలమందయ్యగారు. “లక్ష్మీకాంత్‌ది తీసెయ్.”

లక్ష్మీకాంత్ గారికి చేసింది. ఆయనా రైతు కష్టమే ముఖ్యమన్నారు. “ముందు యలమందయ్యది తియ్” అన్నారు.

నాగజ్యోతి ఏదీ తీయలేదు. ఇంతలో వెంకటరావమ్మ గిడ్డంగి గేటుకి పరుగెత్తింది. గుమస్తా మాలిక్ గొడుగు కింద నిలబడి చాలా మర్యాదగా మాట్లాడాడు. “పిన్నిగారూ, మీరు నొక్కినట్టు నాకు రాలేదు. నేనేం చేసేదండీ?”

వాన కురిసింది. కప్పడానికి ఉన్న పట్టలు ఓ మూలకైనా చాలలేదు. కల్లం నుంచి ఎర్రటి నీళ్లు బోదెలోకి పారాయి. మిగిలిన కాయ తెల్లబారి, ధర పలకని తాలు అయింది.

మర్నాడు సర్వసభ్య సమావేశం. వెంకటరావమ్మ, ఆమె పక్క పొలం రాజ్యం, ఇంకా ఊళ్లో సగం ఆడవాళ్లు గంపలతో వచ్చి తడిసిన కాయలు బల్ల మీద కుమ్మరించారు. నాగజ్యోతిని కూడా పిలిపించారు. ఆ పిల్ల తల్లి మొహం చూడలేక గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిలబడింది.

యలమందయ్యగారు తుమ్మి, లేచారు.

“సోదరీమణులారా! నిన్న ఒక్క పూట ఈ యాప్ ద్వారా నాకు అందిన నమస్కారాలు ఇంతకుముందెన్నడూ అందలేదు. నెత్తిన వాన పడుతున్నా మీరు నన్ను మరవలేదు. ఈ రుణం నేను ఉంచుకోను.”

“ఛీ, నీ మొహం మండ, నీకు దణ్ణం ఎవరు పెట్టార్రా? పంట పోయి మేం ఏడుస్తుంటే!” అని వెంకటరావమ్మ బావ వరస కూడా మర్చిపోయి గంప ఎత్తింది. ఆడవాళ్లందరూ కొంగులు బిగించారు. ఆ క్షణంలో నల్లరేవుపాలెం చరిత్ర మారేట్టే కనిపించింది.

అధ్యక్షులు చెయ్యెత్తారు. “అందుకే, పంట నష్టపోయిన ప్రతి ఆడబిడ్డ ఫొటో ఇవాళే ఈ తెర మీదికి ఎక్కిస్తున్నాం. రంగుల్లో. పేరుతో సహా.”

గంప మెల్లగా కిందికి దిగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు.

వెంకటరావమ్మ చెమట తుడుచుకుని కూతురి దగ్గరికొచ్చి, చెవిలో అంది.

“మన చుట్టాల పెళ్లిలో పట్టుచీరతో ఫొటో దిగానే, అది పెట్టు. పక్కన రాజ్యాన్ని పెట్టబోకు. పెట్టినా నాకంటే చిన్నది పెట్టు. దాని కల్లం నా దాంట్లో సగం గూడా తడవలా.”

“అమ్మా, మరి బటనూ?”

“ఇంతమందిమి ఎక్కితే ఇంక దానికి చోటేదే?”

అదే మాట తీర్మానంగా రాసుకున్నారు. బటన్ తీసేశారు. నాగజ్యోతి ఉద్యోగం ఖాయమైంది. మిగతా ఊళ్ల సంఘాలు కూడా ఇదే యాప్ కావాలని అడుగుతున్నాయి.

ఇప్పుడా తెర చాలా నిండుగా ఉంది. ఇంతదాకా నవ్వుకుంటూ చదివారు కాబట్టి మీకూ ఎక్కడో ఓ మూల సర్దుతారు. ఫొటో పంపేటప్పుడు తూర్పు ముఖంగా దిగింది పంపండి. మీ పక్కన ఎవరు ఉండకూడదో కూడా రాయండి. అందరూ అది మాత్రం తప్పకుండా రాస్తున్నారు.