తోడల్లుడి టచ్ స్క్రీన్

ఆ ఉదయం రంగులాయన వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి మామగారు వచ్చేలోగా, బట్టలకు రంగులు వేసే తన షాపులో కొత్త టచ్ స్క్రీన్ వెలగాలి. కళ్లద్దాల షాపున్న తోడల్లుడు అలాంటి దాని మీద వేలు కదిలిస్తుంటే చూసి, మామగారు నెలరోజులుగా "పెద్దల్లుడి వేలిలో ఏదో మహిమ ఉంది" అంటున్నారు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా రంగులాయన కడుపు ఉడికిపోతోంది.

అమ్మినాయన ముందే చెప్పాడు. ఒక రకం స్క్రీన్ ఒంట్లో ఉండే కాస్త కరెంటును పసిగడుతుంది, దానికి ఉత్త వేలే తగలాలి. ఇంకో రకం ఒత్తిడికి పలుకుతుంది, చేతికి గ్లౌజులున్నా ఫర్వాలేదు. మీ పనికి రెండోదే నయమన్నాడు.

"నా పని సంగతి వదిలెయ్యండి. మా తోడల్లుడు కొన్న రకమే ఇవ్వండి. రెండంగుళాలు పెద్దది."

తీరా రబ్బరు గ్లౌజులతో నొక్కితే స్క్రీన్ ఉలకలేదు, పలకలేదు. భార్య గ్లౌజులు తీసి చూడమంది. తీస్తే చెయ్యంతా చెమట. తడి పడ్డచోటల్లా స్క్రీన్ తనంతట తానే ఏవేవో తెరిచింది. అతను అరచేత్తో తుడిచేకొద్దీ ఇంకేవో నొక్కుకుపోయాయి. ఆ తుడుపులో, తోడల్లుడు రంగు వేయమని పంపిన కర్టెన్ల ఆర్డరులో మీగడ రంగు కాస్తా నలుపైంది. అది చూడకుండానే అతను చొక్కా మార్చుకోడానికి లోపలికి పోయాడు. ఒంట్లో కరెంటు పెట్టిన దేవుడు, పక్కన ఈ కడుపుమంట కూడా ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియాలి.

తిరిగొచ్చేసరికి భార్య ఆ కర్టెన్లను నల్లరంగు తొట్టిలో ముంచేసింది.

"ఇదేం పనే?"

"మీ స్క్రీనే చెప్పింది. బావగారి దానికన్నా పెద్దదన్నారుగా, నమ్మాను."

ఇంతలో మామగారు, వెనకే తోడల్లుడు వచ్చేశారు. పరువు పోయిందనుకున్నాడు రంగులాయన. భార్య తండ్రిని కాఫీకి లోపలికి తీసుకెళ్లింది. తోడల్లుడు మాత్రం తొట్టి వైపు చూడనే లేదు. స్క్రీన్ మీద వేలు పెట్టాడు. పేజీ కదిలింది. అతని మొహం మాడిపోయింది.

"నీది నిజంగానే కదులుతోందా తమ్ముడూ?" అన్నాడు గొంతు తగ్గించి. "నాది కొన్నప్పట్నుంచీ వేలికి కదల్లేదు. పైన వేలు ఊరికే ఆడిస్తా, బల్ల కింద ఎడం చేత్తో మౌసు తిప్పుతా."

రంగులాయన కడుపు ఒక్కసారిగా చల్లబడింది. "బొమ్మ వచ్చే తీగ కాక ఇంకో తీగ ఉంటుంది అన్నయ్యా, టచ్‌కి. అది పెట్టారా?"

"రెండో తీగెక్కడిది?"

"అది నేనొచ్చి పెడతా, ఎవరికీ చెప్పను. మీ కర్టెన్లు పొరపాటున నలుపయ్యాయి, ఆ రంగు సంగతి మనిద్దరం ఎత్తొద్దు."

సాయంత్రం ఆ నల్ల కర్టెన్లు తోడల్లుడి షాపులో కళ్లు పరీక్షించే గదికి వేలాడాయి. గది చక్కగా చీకటై, అక్షరాల బోర్డు దీపంలా వెలిగింది. మామగారు మురిసిపోయి, రంగు ఎంచడంలోనూ పెద్దల్లుడి తరవాతే ఎవరైనా అన్నారు.

ఒప్పందం ప్రకారం రంగులాయన నోరెత్తలేదు.