వనమాల గిటారు వేలు

సోమవారం పొద్దున మొదటి బస్సు పట్టుకుని, అందరికంటే ముందు ఆఫీసుకు చేరి, మిషన్ మీద వేలు పెట్టి హాజరు వేసుకుని, నిమ్మళంగా చాయ తాగాలనుకుంది వనమాల. మొగుళ్లపల్లి నుంచి రోజూ బస్సెక్కి వెళ్లి ఓ సర్కారు ఆఫీసులో గుమాస్తా పని చేసే ఆమెకు నలభై ఆరేళ్లు. మూడు నెలల కింద గిటారు కొన్నది. గురువు ఫోనులో వచ్చే వీడియోల్లో ఉన్నాడు. రోజూ అరగంట వాయించాలని, తీగలు కోసినా ఆపకూడదని, వేలి కొసలు కాయలు కాసిన నాడే విద్య వచ్చినట్టని ఆయన చెప్పాడు. వనమాల తు.చ. తప్పలేదు. కాయలైతే వచ్చాయి.

ఆమె వేలు పెట్టగానే మిషన్ ఎర్ర లైటు వేసింది. మిషన్‌లో పేర్లు ఎక్కించిన రోజున కుడిచేతికి కట్టు ఉండటంతో ఆమె ఇచ్చింది ఎడమ చూపుడువేలు. ఇప్పుడు దాని మీద గీతలు లేవు, చెప్పుతోలు లాంటి చర్మం ఉంది. తుడిచింది, ఊదింది, కొబ్బరినూనె రాసింది. నాలుగు రోజులు అదే తంతు. ఐదో రోజు, అనుమతి లేకుండా నాలుగు రోజులు విధులకు రానందుకు సంజాయిషీ ఇవ్వాలని నోటీసు వచ్చింది. దాన్ని రిజిస్టర్లో ఎక్కించుకున్నది వనమాలే.

ఆఫీసరు సుష్మిత దగ్గరికి వెళ్లింది.

"మేడం, నేను రోజు మీ ఎదురుంగనే ఉన్న గదా."

"నేను చూసిన అక్కా. మిషన్ చూడలే. దవాఖాన నుంచి కాయితం తే."

డాక్టరు వేళ్లు నొక్కి చూసి, పత్తి ఏరడానికి పోతారా అని అడిగాడు. అబద్ధం ఆడటం చేతగాక వనమాల గిటారు సంగతి చెప్పింది. ఆయన అదే రాసిచ్చాడు. ఆ కాగితంతో మొదటి నోటీసు చచ్చి రెండోది పుట్టింది. సర్కారు కొలువులో ఉంటూ సంగీత వృత్తి చేస్తున్న నిన్ను ఎందుకు తీసేయకూడదని అందులో ఉంది. ఆమె పెళ్లిళ్లలో వాయిస్తుందని కొందరు, పరకాలలో బ్యాండే పెట్టిందని కొందరు అప్పటికే చెప్పుకుంటున్నారు.

విచారణకు పై ఆఫీసు నుంచి ఓ పెద్దమనిషి వచ్చాడు. ఆమె ఇంటి నుంచి గిటారు తెప్పించి, వాయించమన్నాడు. సుష్మిత వనమాల చెవి దగ్గరికి వంగి మెల్లగా చెప్పింది.

"జర తప్పులు వాయించు అక్కా. కొలువు నిలబడ్తది."

వనమాల సరేనంది. కానీ గిటారు ఒళ్లోకి వచ్చాక, తన పాట వినడానికి మొదటిసారి పదిమంది కూర్చున్నాక, తప్పు వాయించడానికి మనసొప్పలేదు. కొలువు పోతే పోనీ అనుకుని, కళ్లు మూసుకుని, వచ్చిందంతా వాయించింది. కళ్లు తెరిచేసరికి సగం కుర్చీలు ఖాళీ. పెద్దమనిషి తల వంచి రాస్తున్నాడు.

సదరు ఉద్యోగికి సంగీతంతో ఎటువంటి సంబంధమూ లేదని స్వయంగా విని నిర్ధారించడమైనదని, ఆరోపణ కొట్టివేయడమైనదని ఆయన తేల్చాడు.

సుష్మిత మిఠాయి తెప్పించింది. "మస్తు నటించినవ్ అక్కా" అంది.

వనమాల మిఠాయి ముట్టలేదు. తెల్లకాగితం తీసుకుని, ఆ తీర్పు రద్దు చేసి తనను మళ్లీ విచారించాలని పైవాళ్లకు అప్పీలు రాసింది. ఆమెకు సంగీతం వచ్చని దాని మీద సాక్షి సంతకం పెట్టేవాళ్లే ఇంకా దొరకలేదు.