సాఫీ కషాయం

ఆఫీసులో అతన్ని ఆగుడుబండి అంటారు. పై అధికారి కనిపిస్తే చాలు, మాట గొంతు దాకా వచ్చి అక్కడే చతికిలబడుతుంది. ఫిర్యాదుల విభాగంలో పెద్ద పదవి ఖాళీ అయింది. ఆ మధ్యాహ్నమే ఇంటర్వ్యూ. ఈసారి కూడా నోరు పెగలకపోతే, తన దగ్గర పని నేర్చుకున్నవాడి కిందే పనిచేయాలి. అందుకని పొద్దున్నే అద్దం ముందు నిలబడి జవాబులు వల్లెవేస్తున్నాడు.

వంటింట్లో అతని భార్య అత్తగారిని అడిగింది. "అత్తయ్యా, ఈయనకి ఇవాళైనా సాఫీగా రావాలి. మీకు తెలిసిన ఆకేదైనా ఉందా?"

"పాపం, చిన్నప్పట్నుంచీ వాడికి అదే బాధ. ముందే చెప్పొద్దూ?" అంటూ ఆవిడ సునాముఖి ఆకు గుప్పెడు వేసి, అల్లం, తేనె కలిపి ఫ్లాస్కు నిండా కషాయం కాచింది. ఒక్కడికి అంత ఎందుకని ఎవరూ అడగలేదు. ఆకే కదా, మందు కాదు కదా అని ఇంటిల్లిపాదికీ ధీమా.

అతను ఒక గ్లాసు తాగి, మిగిలింది ఆఫీసుకు పట్టుకెళ్లాడు. మేనేజరుకు గొంతు బొంగురుపోయి ఉంది. అల్లం వాసన తగిలి ఆయన ఒక కప్పు పోయించుకున్నారు. ఆయన తాగారు గనక, ఆయనతో కలిసి ఇంటర్వ్యూ చేయబోయే మిగతా ఇద్దరు అధికారులూ తాగారు. పెద్దల సేవ దొరికిందని మనవాడు మురిసిపోయాడు.

భోజనాల వేళ భార్య ఫోన్ చేసింది. "ఏమండీ, నేను మాట సాఫీగా రావాలన్నాను. అత్తయ్య కడుపు సాఫీ అవ్వాలనుకున్నారు."

"ఇం... ఇంతవరకూ ఏమీ కాలేదే?"

ఫోన్ తల్లి అందుకుంది. "అది నిదానంగా పనిచేస్తుందిరా. సాయంత్రానికి చూపిస్తుంది. ఇంకెవరికీ పోయలేదు కదా?"

మేనేజరు గుండెకు మాత్రలు వేసుకుంటారని ఆఫీసంతటికీ తెలుసు. చెబితే పదవి పోతుంది. చెప్పకపోతే మనిషికే ముప్పు రావచ్చు. దేవుడా అనుకుంటూ లోపలికి వెళ్లాడు.

"సార్, పొద్దున నేను మీకు పోసిన... ఆ... ఆ కషాయం..."

మేనేజరు మొహం ముడుచుకుంది. "కప్పు కషాయం పోసి పదవి అడుగుతున్నావా?"

"కాదు సార్, దాని ఫలితం... సా... సాయంత్రంలోగా..."

"పైగా గడువు కూడానా? ఇంటర్వ్యూకి రానక్కర్లేదు, వెళ్లు."

పదవి పోయింది. దాంతోపాటు భయమూ పోయింది. "సార్, మీరు తాగింది విరేచనాల ఆకు. మీ గుండె మాత్రలతో అది పడుతుందో లేదో నాకు తెలియదు. తప్పు మాదే. ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి" అన్నాడు, ఒక్కచోటా తడబడకుండా.

ఒక్క కప్పే గనక గండం లేదనీ, నీళ్లు బాగా తాగి, నీరసంగానో దడగానో ఉంటే వెంటనే రమ్మనీ డాక్టరు చెప్పాడు. తనను అడక్కుండా ఆకులూ అలములూ తాగినందుకు నాలుగు చీవాట్లు కూడా పెట్టాడు. మేనేజరు ఫోన్ పెట్టేసి ఇతని వంక తిరిగారు.

"తన తప్పు తనే వచ్చి చెప్పినవాణ్ణి ఈ ఆఫీసులో ఇంతవరకూ చూడలేదు. ఫిర్యాదుల విభాగానికి నువ్వే సరైనవాడివి. సాయంత్రం సంతకాలు పెట్టేస్తాం, వచ్చి కాగితం తీసుకో."

సాయంత్రానికి కాగితం సిద్ధంగానే ఉంది. సంతకాలు పెట్టాల్సిన ముగ్గురూ, పుచ్చుకోవాల్సినవాడూ, ఒక్కరూ సీట్లో లేరు.