మూడు వందల నాలుగులో ఆనియన్ రింగ్స్

అమీర్‌పేటలో మనిషిని నలభై అయిదు రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా మార్చవచ్చు. ఉల్లిపాయను ఆనియన్ రింగ్‌గా మార్చాలంటే మాత్రం అపార్ట్‌మెంట్ సంఘం అనుమతి కావాలి. ఇందులో వింతేమీ లేదు. ఉల్లిపాయకు వాసన ఉంటుంది, ఇంజనీరుకు ఉండదు.

వైభవ్ ఎన్‌క్లేవ్‌లో ఇరవై ఫ్లాట్ల వంటిళ్ల కిటికీలూ ఒకే సందులోకి తెరుచుకుంటాయి. ఒకరింట్లో నూనె కాగితే ఇరవై ఇళ్లలో నోరూరుతుంది. వాసన వెళ్లిన ఇంటికి ప్లేటు కూడా వెళ్లాలన్నది మనవాళ్లలో ఎప్పటినుంచో ఉన్న మర్యాదే. అయితే మూడేళ్ల కిందట, ముసురు పట్టిన ఒక సాయంత్రం, రెండో అంతస్తువాళ్లు మిర్చిబజ్జీలు వేసుకుని తలుపు గడియ పెట్టుకుని తిన్నారు. పై అంతస్తువాళ్లు నాలుగు నెలలు వాళ్లతో మాట్లాడలేదు సరికదా, లిఫ్టు మరమ్మతు కాగితం మీద సంతకం కూడా పెట్టలేదు. (ఆ నాలుగు నెలలూ అందరి మోకాళ్లకూ మంచి వ్యాయామం.) అప్పటినుంచి మర్యాద కాస్తా నియమావళి అయింది. వేపుడు చేయదలచినవారు ఒకరోజు ముందు యాప్‌లో దరఖాస్తు పెట్టాలి. వాసన సోకబోయే ఫ్లాట్లవాళ్లు 'వాసన బాధితులు'గా నమోదు కావాలి. నమోదైన ప్రతి బాధితుడికీ ప్లేటు అందాలి.

మూడు వందల నాలుగులో ఉండే సుష్మితకు ఈ నియమాలన్నీ నోటికొచ్చు. ఆమె కోరికా పెద్దదేం కాదు. అప్పుడే నూనెలోంచి తీసిన ఆనియన్ రింగ్ ఒకటి, కరకరలాడుతుండగా, తాను తినాలి. పెళ్లయిన ఈ పద్నాలుగేళ్లలో ఆమె వేసిన బజ్జీలు, పకోడీలు వరసగా పేరిస్తే పంజాగుట్ట చౌరస్తా దాటి ఎర్రమంజిల్ దాకా పోతాయి. వాటిలో వేడిగా ఆమె నోట్లో పడింది ఒక్కటీ లేదు. ఎవరూ వద్దనలేదు, అదే ఆమెకు మరీ బాధ.

"గీసారి మొదటిది నేనే తింట," అని భర్త దినేశ్‌కు ముందే చెప్పి పెట్టుకుంది.

"తిను. ఎవరొద్దన్నరు?" అన్నాడు దినేశ్, ఫోనులోంచి తల ఎత్తకుండా.

దరఖాస్తు దగ్గరే చిక్కొచ్చింది. యాప్‌లో పకోడీ ఉంది, బజ్జీ ఉంది, గారె ఉంది, ఆనియన్ రింగ్ లేదు. సంఘం కార్యదర్శి జోగారావు గారు స్వయంగా విచారణకు వచ్చారు. కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, రిటైరయ్యారు గాని సర్వీసులో ఉన్నప్పటికంటే ఇప్పుడే తీరిక లేదు.

"ఏంటమ్మా ఇది? ఏ విభాగం కింద రాయమంటావ్?"

"ఇతరములల్ల రాసుకోండ్రి అంకుల్."

"ఇతరములంటే అప్పడాలు, వడియాలేనమ్మా. ఇంతకీ మధ్యలో చిల్లుంటుందా?"

"ఉంటది."

"అయితే గారె."

"గారెలకు మినప్పప్పు కావాలె గదంకుల్!"

"పప్పు సంగతి ఫారంలో లేదమ్మా. చిల్లు సంగతి ఉంది."

గారె విభాగంలో పడితే ఇంకో నిబంధన ఉంది. గారె ఒంటిగా పెట్టకూడదు, జతగానే పెట్టాలి. ఆ లెక్కన యాప్‌లో నమోదైన ఆరుగురు బాధితులకు పన్నెండు రింగులు. సుష్మిత ఇంకో ఉల్లిపాయ తీసుకుంది.

శనివారం సాయంత్రం నాలుగున్నరకు పొయ్యి వెలిగింది. ఉల్లిపాయల్ని అరంగుళం మందాన కోసి, రింగులు విడదీసి, లోపలి పల్చటి పొర ఒలిచి, ఐసు నీళ్లలో వేసి ఉంచింది. మైదాలో బియ్యప్పిండి కలిపి, చల్లటి సోడాతో జారుగా చేసి, ముంచి, బ్రెడ్‌పొడి అద్ది నూనెలో వదిలింది. మొదటి రింగు బంగారంలా తేలింది. తీసి జల్లెడ మీద పెట్టి ఊదుతుండగా అత్తగారు పోచమ్మ గొంతు వినిపించింది.

"అయినయా బిడ్డా? జర ఒకటియ్యి, ఉప్పు సరిపోయిందో లేదో చెప్త."

మొదటిది ఉప్పు తనిఖీకి పోయింది. రెండోదీ మూడోదీ దినేశ్ తిన్నాడు, "నువ్వు సుత తినరాదు, మస్తున్నయ్," అని ఆప్యాయంగా బలవంతపెడుతూ. ఆమె రెండు చేతులూ పిండిలో ఉన్నాయి. కూతురు పింకీ ప్లేట్లు పట్టుకుని మెట్లెక్కి దిగి రొప్పుతూ వచ్చింది.

"మమ్మీ, నాలుగో ఫ్లోర్ ఆంటీ ఒకటి మెత్తగున్నదంట. మార్చియ్యమంటుంది."

మార్చి ఇచ్చింది. ఇంతలో జోగారావు గారు నాణ్యతా పరీక్షకు వచ్చి, ఒక రింగు చెవి దగ్గర పెట్టుకుని విరిచారు. శబ్దం సంతృప్తికరమని రాసుకున్నారు. విరిచింది వెనక్కి తీసుకునే పద్ధతి లేదు కాబట్టి తిన్నారు.

"ఇది అధికారి హోదాలో తిన్నదమ్మా. మా ఇంటి ప్లేటు వేరే," అని గుర్తుచేశారు.

చివరికి ఒక్కటే మిగిలింది. సుష్మిత పొయ్యి ఆపి, చేతులు కడుక్కుని, దాన్ని పట్టుకుంది. వేళ్లు చురుక్కుమన్నాయి. ఆ చురుకే ఎంత హాయిగా ఉందో! నోటిదాకా తెచ్చింది. కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో అయిదో అంతస్తు కుసుమకుమారి గారు, చేతిలో బల్కంపేట ఎల్లమ్మ ప్రసాదం.

"గుడికెళ్లామమ్మా, యాప్‌లో పేరు పెట్టడం కుదర్లేదు. లిఫ్టులోకి కూడా కొడుతోంది వాసన! ముందు ప్రసాదం తీసుకో."

ప్రసాదం ఇచ్చిన చేతిని ఖాళీగా ఎలా పంపడం? సుష్మిత చేయి దానంతటదే రింగును ప్లేటులో పెట్టింది.

"ఒంటిగా పెడతావేంటమ్మా?" అన్నారావిడ, అక్కడే కొరుకుతూ. కరకర శబ్దం గుమ్మమంతా వినిపించింది.

తలుపు వేశాక సుష్మితకు ఏడుపొచ్చినంత పనయింది. ఉల్లిపాయ రింగు కోసం ఎవరైనా ఏడుస్తారా అని తనను తానే కసురుకుంది.

"అరె, నువ్వు తిన్లేదా?" దినేశ్ నిజంగానే నొచ్చుకున్నాడు. "చెప్పొద్దా మరి?"

అప్పుడే ఫోను మోగింది. వేపుడు ముగించినవారు తప్పనిసరిగా పూరించాల్సిన అభిప్రాయ పత్రం. ఒకటే ప్రశ్న: రుచి ఎలా ఉంది? ప్లేట్లు మోస్తూ దారిలో ఒకటి నోట్లో వేసుకున్న పింకీని సుష్మిత అడిగింది.

"మస్తుండె మమ్మీ!"

'బాగుందట' అని రాసి పంపింది. నిమిషంలో జవాబొచ్చింది: 'తిన్నవారి జాబితాలో మీ పేరు లేనందున మీ అభిప్రాయం చెల్లదు.'