పెద్దక్క వెళ్ళిపోయింది

ఆ ఉదయం పెద్దక్క రెండు పనులు పెట్టుకుంది. ఒకటి, బడివాళ్ళ చొక్కాలు సాయంత్రం లోపు కుట్టి అప్పగించడం. రెండోది, దానికి కూర్చునే ముందు ఫోనులో పేరుకుపోయిన మెసేజులన్నీ చదివి ఆ బరువు వదిలించుకోవడం. మొదటిది కష్టమనీ రెండోది తేలికనీ అనుకుంది. అక్కడే లెక్క తప్పింది.

ఆమెకు పేరు లేకపోలేదు. ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని కూర్చున్న ఇన్నేళ్ళలో, తోడబుట్టినవాళ్ళు పిలిచే పిలుపే వీధంతా పాకిపోయింది. ఆమెకంటే పదేళ్ళు పెద్దాయన కూడా ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చి, "పెద్దక్కా, ఉన్నావా?" అంటూ గుమ్మంలో నిలబడతాడు.

చుట్టాలందరూ కలిసి ఫోనులో 'మనవాళ్ళు' అని ఒక గ్రూపు పెట్టుకున్నారు. తెల్లారకముందే పిన్ని పువ్వులు పంపుతుంది. టిఫిన్ల వేళకి బాబాయి ఆరోగ్య సూత్రాలు పంపుతాడు. ఆ తర్వాత చెల్లెలి ఇంటి ఫోటోలు, తమ్ముడి జోకులు, ఎవరో ఎక్కడో తీసిన పిల్లి వీడియోలు. పెద్దక్క మిషను మీద ఒక చొక్కా చెయ్యి అతికించి తలెత్తేసరికి అరవై మెసేజులు ఉండేవి. చదవకపోతే తప్పు, చదివితే పని సాగదు. అందుకని అన్నిటికీ కలిపి చివర్లో ఒక దండం బొమ్మ పెట్టడం అలవాటు చేసుకుంది. పుట్టినరోజుకీ దండమే, పురుటికీ దండమే. బాబాయి మెట్ల మీద జారిపడి కాలు బెణికించుకున్నాడని తెలిపిన రోజున కూడా ఆమె భక్తిగా దండం పెట్టింది. ఆయన వారం రోజులు ముభావంగా ఉన్నాడు.

ఆ రోజు ఫోను తీస్తే, లోపల ఇక చోటు లేదని చెప్పింది. పెద్దక్క కళ్ళజోడు మిషను దగ్గర ఉంది, తానేమో వంటింట్లో ఉంది. తెర మీద ఏదో ప్రశ్న కనబడింది. కింద రెండు జవాబులు, ఒకటి ఎర్రక్షరాల్లో ఉంది. ఎర్రగా ఉన్నదే ముఖ్యమైనదై ఉంటుందని దాని మీద వేలు పెట్టింది. వెయ్యి దాటిన మెసేజులు ఒక్క దెబ్బకు మాయమయ్యాయి. నెత్తిమీద మూట దింపుకున్నట్టయింది. ఫోను ఛార్జింగుకు పెట్టి, మోగకుండా నొక్కి, వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

ఆమె నొక్కింది 'గ్రూపు వదిలి వెళ్ళు' అన్నదాన్ని. "పెద్దక్క వెళ్ళిపోయారు" అన్న ముక్క ఊళ్ళో ఉన్న చుట్టాలందరి ఫోన్లలోనూ ఒకేసారి ప్రత్యక్షమైంది.

ముందుగా పక్క వీధిలో ఉండే చెల్లెలు చెప్పులైనా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తుకొచ్చింది. అప్పటికి పెద్దక్క జేబులు అతికించే పనిలో ఉంది. రెండు చేతులా చొక్కా ఉంది, పెదాల మధ్య వరసగా గుండుసూదులు ఉన్నాయి.

"అక్కా! అలా చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతావా? నా ప్రాణం ఏమైపోవాలి?"

"ఊఁ?" అంది పెద్దక్క. ఎక్కడికెళ్ళానే అని అడగడం ఆమె ఉద్దేశం. చెల్లెలికి మాత్రం అది, తెలుసులే నీ బండారం, అన్నట్టు వినిపించింది.

"నాకు తెలుసు, నువ్వు ఆ పోస్టు చూసేశావు. నువ్వు కుట్టిచ్చిన కర్టెన్లు నేనే కుట్టానని పెట్టిన మాట నిజమే. ముందు అలా అనుకోలేదక్కా. ఎవరో 'ఎంత బాగున్నాయండీ, మీరే కుట్టారా' అని అడిగారు. అవునన్నాను. అంతే, లైకులు కురిశాయి. ఇప్పుడు పాఠాలు చెప్పమని నలుగురు వెంటపడుతున్నారు. వాళ్ళకి మొహం చాటేయలేక చస్తున్నాను."

పెద్దక్క ఆ పోస్టు చూడనే లేదు. ఆమె కళ్ళు వేరేచోట ఉన్నాయి. చెల్లెలు వచ్చీ రాగానే కుర్చీ మీదున్న చొక్కాల మీద చతికిలబడింది. లేవమని పెద్దక్క గడ్డంతో సైగ చేసింది. ఆ గడ్డం తిరిగిన వైపే గుండీల డబ్బా ఉంది.

"సరే అక్కా, కుడతాను. శిక్ష వెయ్యి, తప్పు లేదు" అంటూ చెల్లెలు ఒళ్ళో చొక్కాలు వేసుకుని సూది అందుకుంది. మొదటి గుండీ ఆమె చీర కుచ్చిళ్ళతో కలిపి కుట్టుకుపోయింది. మూడోదానికి చెయ్యి దారికి వచ్చింది.

కాసేపటికి వాకిట్లో కారు ఎగిరెగిరి పడి ఆగింది. తమ్ముడు కారు నడపడం నేర్పుతాడు. పాఠం మధ్యలో కబురు చూసి, నేర్చుకునే ఆయన్ని దారిలో దింపేసి వచ్చాడు. ఆ కంగారులో తానే నేర్చుకునేవాడిలా నడిపాడు. లోపలికి వస్తూ చూసేసరికి చెల్లెలు తలొంచుకుని గుండీలు కుడుతోంది, పెద్దక్క నోరు మెదపకుండా మిషను తొక్కుతోంది. వాడికి విషయం చాలా దూరం వెళ్ళిందని అర్థమైపోయింది.

"నువ్వు చెప్పేశావా?" అని చెల్లెల్ని అడిగాడు.

"నా సంగతి చెప్పాను. నీదేమిటి?"

తమ్ముడు పెద్దక్క కాళ్ళ దగ్గర ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. "అక్కా, 'మనవాళ్ళు రెండు' పెట్టింది నేనే. అందరం ఉన్నాం, నువ్వొక్కదానివే లేవు. తప్పే. కానీ నీ వాయిస్ మెసేజులు నువ్వెప్పుడైనా విన్నావా? మిషను తొక్కుతూ మాట్లాడతావు. పది నిమిషాలు వింటే తొమ్మిది నిమిషాలు టకటకటకా, చివర్లో 'అర్థమైందా?' అని వినిపిస్తుంది. పిన్నికి చెవిలో హోరు మొదలైంది."

మిషను ఆగింది. పెద్దక్క మనసు చివుక్కుమంది. వీళ్ళను ఎత్తుకుని పెంచింది తాను. తనను వదిలేసి ఇంకో గ్రూపా! కళ్ళలో నీళ్ళు తిరగబోయాయి. అంతలో ఇంకో ఆలోచన వచ్చింది. ఆ రెండో గ్రూపులో ఇన్నాళ్ళూ వచ్చిన పువ్వులు, సూత్రాలు, పిల్లులు, వాటిలో ఒక్కటి కూడా తాను చూడక్కర్లేకపోయింది. తిరగబోయిన నీళ్ళు వెనక్కి వెళ్ళిపోయాయి. ముఖం ప్రశాంతంగా విచ్చుకుంది.

ఆ ప్రశాంతత చూసి తమ్ముడు హడలిపోయాడు. ఎవరూ చెప్పకుండానే లేచి ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. ఫోను చూస్తే అక్కకు ఇంకా మండుతుందని ఆపేసి జేబులో వేసుకున్నాడు.

పెద్దక్క సూదులు తీసి, నాకేమీ తెలియదర్రా అని చెప్పేయవచ్చు. చెప్పేస్తే ఇద్దరూ హమ్మయ్య అనుకుని లేచి వెళ్ళిపోతారు. గుండీలు అలాగే ఉంటాయి. ఆమె ఇంకో నాలుగు సూదులు పెదాల మధ్య పెట్టుకుంది.

అసలు ఆమె దిగులు వేరు. కొన్నాళ్ళుగా తాను కోసిన గుడ్డ అంచులు పోగులు పోగులుగా లేస్తున్నాయి. కత్తెర మంచిదే, పెళ్ళికి ముందు కొనుక్కున్నది. మరి తప్పెవరిది? చేతిదే. పట్టు తప్పుతోంది, వయసు మీదపడుతోంది. ఎవరికీ చెప్పలేదు కానీ, ఈ బడి చొక్కాలు అప్పగించి మిషను మీద గుడ్డ కప్పేద్దామని లోలోపల నిర్ణయించేసుకుంది.

తమ్ముడు ఇక్కడికి బయలుదేరే ముందే పెద్దక్క మొగుడికి, అంటే తన బావకు, ఒక మెసేజు కొట్టి వచ్చాడు. "బావా, పెద్దక్క వెళ్ళిపోయింది. నీతో ఏమైనా అందా?" తొందరలో గ్రూపు అన్న మాట రాయడం మరిచాడు.

బావగారు నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే గుమాస్తా. కుళాయి రావడం లేదని అరుస్తున్న ఆసామి ఎదురుగా ఉండగా ఆ మెసేజు చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇంటికి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. బావమరిదికి చేస్తే ఆపేసి ఉంది. "వెళ్ళిపోయింది" అన్నాడు. "ఎప్పుడొస్తుంది?" అన్నాడు కుళాయి ఆసామి. "ఇక రాదేమో" అని బావగారు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. తన నీళ్ళ కోసం ఇంతగా బాధపడే ఉద్యోగిని ఆ ఆసామి అంతకుముందు చూడలేదు. ఓదార్చి వెళ్ళిపోయాడు.

బావగారు ఆఫీసు పక్కనున్న బస్సుల స్టాండులో ప్రతి బస్సూ ఎక్కి దిగాడు. తర్వాత ఊరి వాళ్ళందరూ ఉన్న గ్రూపులో ఒక ప్రకటన పెట్టాడు. "నా భార్య కనిపించడం లేదు. చూసినవారు దయచేసి ఫోను చేయండి." ఫోటో కోసం వెతికితే ఒక్కటే దొరికింది. అందులో ఆమె మిషను మీద వంగి ఉంది, కనిపించేది పాపిట మాత్రమే. అదే పెట్టాడు. జాలిగుండెల జనం దాన్ని అటూ ఇటూ పంచారు. ఇంకేముంది, ఊళ్ళో తలవంచుకున్న ఆడవాళ్ళందరూ పెద్దక్కలే అయిపోయారు. బావగారు ఒకావిడను పండ్ల దుకాణం దగ్గర పట్టుకుని, "ఇంటికి రావే, అన్నీ మరిచిపోదాం" అని బతిమాలితే, ఆవిడ తలెత్తి, ఆయనను ఎడాపెడా దులిపేసింది.

ఆ ప్రకటన బడి ప్రధానోపాధ్యాయిని ఫోనుకూ చేరింది. మర్నాడు పిల్లల కవాతు. ఆవిడ ఆ పాపిటను చూడగానే పోల్చుకుంది. కుట్టే మనిషి మాయమైతే గుడ్డ సంగతేమిటి? బడి వ్యాను వేసుకుని ఆగమేఘాల మీద వచ్చింది. వచ్చి చూస్తే ముందుగదిలో ఒకరు గుండీలు కుడుతున్నారు, ఒకరు ఇస్త్రీ చేస్తున్నారు, గుట్టగా పేర్చిన చొక్కాల వెనక పెద్దక్క చివరి జేబు అతికిస్తోంది.

"మీరు కనిపించడం లేదటగా!" అంది ఆవిడ ఫోను ముందుకు చాచి.

పెద్దక్క ఇక సూదులు తియ్యక తప్పలేదు. "ఎవరికండీ?" అంది. కళ్ళజోడు సర్దుకుని చూసుకుంది. "ఈ పాపిట నాదే. నేనెక్కడికి పోయాను?"

తమ్ముడు గబగబా ఫోను తెరిచి, తాను కొట్టిన మెసేజు చదువుకుని నెత్తి కొట్టుకున్నాడు. బావకు ఫోను చేస్తే, ఎవరెవరో చేస్తున్నట్టున్నారు, లైను దొరకలేదు.

అంతలో బావగారే వచ్చాడు. ముఖం కనిపించే ఫోటో ఒకటి తీసుకెళ్దామని ఇంటికి వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. గదినిండా మనుషులను చూసి, పరామర్శకు వచ్చారనుకుని, గుమ్మంలోనే కూలబడ్డాడు. చొక్కాల గుట్ట వెనక ఎవరున్నారో ఆయన చూడలేదు.

"తప్పంతా నాదే" అన్నాడు. "పోయిన నెల కిటికీకి దోమల జాలీ కొడుతూ, ఇనప తీగ కొయ్యడానికి ఆవిడ కత్తెర తీశాను. పదును పోయింది. మాట్లాడకుండా తుడిచి మళ్ళీ అక్కడే పెట్టేశాను. ఆవిడ రోజూ గుడ్డ అంచు చూసుకుని నిట్టూరుస్తుంటే నాకు అన్నం దిగేది కాదు. చెబుదామంటే భయం. అది కనిపెట్టే వెళ్ళిపోయింది."

"బావగారూ..." అని చెల్లెలు ఏదో చెప్పబోయింది.

చొక్కాల గుట్ట వెనకనుంచి పెద్దక్క లేచింది. చేతిలో కత్తెర ఉంది.

"తీగ కోశారా? దీంతో?"

బావగారికి ఆ కత్తెర కనిపించలేదు. మనిషే కనిపించింది. "ఉన్నావా!" అన్నాడు. రెండడుగుల్లో గది దాటి, కత్తెరతో సహా ఆమె చెయ్యి పట్టుకుని పసిపిల్లవాడిలా ఏడ్చాడు. ప్రధానోపాధ్యాయిని మర్యాదగా కిటికీ వైపు తిరిగి దోమల జాలీని పరిశీలించింది.

"గ్రూపు పెట్టుకుంటే పెట్టుకున్నారు. కర్టెన్లు నీవే అనుకోవే, ఊరేగు. కానీ కత్తెరతో తీగ కోస్తారా ఎవరైనా?" పెద్దక్క గొంతు పెంచింది. అంతలోనే కత్తెర పట్టుకున్న తన చేతిని చూసుకుంది. "నా చెయ్యి పోయిందనుకున్నానండీ. మిషను మీద గుడ్డ కప్పేద్దామనుకున్నాను. నా చేతికేమీ కాలేదా?"

"నీ చేతికేమైంది? నిక్షేపంగా ఉంది. కత్తెరే పోయింది" అన్నాడాయన ఏడుపులోనే.

పెద్దక్క నవ్వడం మొదలుపెట్టింది. తనకు ఏ సంగతీ తెలియదనీ, ఎర్రక్షరాలు చూసి నొక్కాననీ నవ్వు మధ్యలోనే చెప్పింది. చెల్లెలు సూది కింద పడేసింది. తమ్ముడు ఇస్త్రీపెట్టె నిలబెట్టి, "అంటే మేం అనవసరంగా..." అన్నాడు. "అవసరంగానే" అంది పెద్దక్క. చొక్కాలు లెక్కపెట్టి వ్యానులోకి ఎక్కించారు. ప్రధానోపాధ్యాయిని ఒక గుండీ లాగి చూసి, పనివాళ్ళు గట్టివాళ్ళేనని మెచ్చుకుని, చలికాలపు కోట్లు కూడా ఇక్కడే కుట్టిస్తానని చెప్పి వెళ్ళింది. పనివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఉండక్కా, నిన్ను మళ్ళీ గ్రూపులో చేర్చేస్తాను" అన్నాడు తమ్ముడు.

"ఏం తొందర్రా? చలికాలం వెళ్ళనీ."

బావగారు లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుంటున్నాడు. గుమ్మంలో వదిలేసిన ఆయన ఫోను మోగింది. పెద్దక్క ఎత్తింది.

"ఆ తప్పిపోయినావిడ గురించండీ" అన్నాడు అవతలి మనిషి, గొంతు తగ్గించి. "మా బస్సులోనే ఉన్నారు. ఊరు దాటి చాలాసేపైంది. చుట్టూ ఎవరూ లేరు. కిటికీ పక్కన తల వాల్చుకుని హాయిగా నిద్రపోతున్నారు. పాపిట అచ్చం అదే. ఏం చెయ్యమంటారు?"

పెద్దక్క ఒక్క నిమిషం ఆలోచించింది.

"లేపకండి" అంది.