నిటారు అక్షరాల బండి

ఒక దేశం ఎంత నాగరికమైందో కొలవడానికి దాని వంతెనలూ ఆసుపత్రులూ చూడనక్కర్లేదు. అక్కడి పికప్ ట్రక్కు పక్కన గొంతుక్కూర్చుని, టైరు మీది అక్షరాలు ఎలా ఉన్నాయో చూస్తే చాలు. ఈ సత్యాన్ని అందరికంటే ముందు కనిపెట్టింది టైరు పార్శ్వాక్షర నియంత్రణ శాఖ. (ఈ శాఖ రాకముందు జనం టైర్లో గాలి ఉందా లేదా అని మాత్రమే చూసుకునేవారు. అవి చీకటి రోజులు.)

బీరువాకి ఈ చరిత్రేమీ తెలియదు. బీరువా అంటే మనిషే. పదహారేళ్లుగా పికప్‌లో జనం సామాన్లు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుస్తున్నాడు. మూడో అంతస్తు నుంచి ఓ ఇనప బీరువాని ఒక్కడే వీపు మీద దింపిన రోజున ఆ పేరు అతని మీదికెక్కింది, మళ్లీ దిగలేదు. శుక్రవారం ఒంటిగంటకి కొత్త టైర్లు వేయించుకుని, ఈల వేస్తూ పాత లైబ్రరీ ఆవరణలోకి బండి తిప్పాడు.

సోమవారం నుంచి ఆ లైబ్రరీ వీధి చివర కొత్త భవనంలోకి మారుతోంది. రెండువందల నలభై పుస్తకాల రాక్‌లు, నలభై రోజుల పని. బీరువా జీవితంలో అంత పెద్ద పని ఎప్పుడూ రాలేదు. షరతు ఒక్కటే. కాగితాలన్నీ సక్రమంగా ఉన్న బండికే పని. గడువు ఆ సాయంత్రం ఐదు గంటలు.

పది కాగితాల్లో తొమ్మిది అతని భార్య సంచిలో ఉన్నాయి. పదోది పార్శ్వాక్షర ధ్రువపత్రం. దాన్ని బండి పనిచేసే చోటే తనిఖీ చేసి ఇస్తారు కాబట్టి ఆమె అక్కడే మెట్ల మీద ఫారం పట్టుకుని కూర్చుంది. బండి ఆగగానే అతను చూపించిన టైర్ల బిల్లు చదివి లేచి నిలబడింది.

"ఎవర్నడిగి నిండు తెలుపు అక్షరాలు వేయించుకొచ్చారు?"

"బాగుంటాయే! అల్లంత దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనబడతాయి."

"మీ బనియన్ తెల్లగా ఉండి ఎన్నేళ్లయింది? టైరుని తెల్లగా ఉంచుతారా మీరు?"

ఫారంలో మూడు శైలులున్నాయి: నిండు తెలుపు, తెల్ల అంచు, నలుపు మీద నలుపు. ఒకసారి ఎంచుకుంటే బండి జీవితకాలంలో మార్చుకోవడం కుదరదు. (పేరు, ఇల్లు, మతం మార్చుకోవడానికి ఫారాలున్నాయి. ప్రభుత్వం కూడా ఎక్కడో ఒకచోట గట్టిగా నిలబడాలి కదా.) 'ఈ శైలినే ఎందుకు ఎంచుకున్నారు?' అన్న ప్రశ్నకి వంద పదాలకు తగ్గకుండా జవాబు రాయాలి. 'మా ఆయన నన్నడగలేదు' అన్న సంగతినే ఆమె నూట పన్నెండు పదాల్లో రాసింది.

తర్వాత యాప్. దీన్ని పింఛనుదారులు బతికే ఉన్నారని రుజువు చేసుకోవడానికి తయారుచేశారు. ఖర్చు కలిసొస్తుందని టైర్లకీ అదే వాడుతున్నారు. బీరువా ఫోన్‌ని ముందు టైరుకి ఎదురుగా పెట్టాడు.

'ముఖం నిటారుగా ఉంచండి' అంది యాప్. ఉంచాడు. 'ఒకసారి కళ్లు మూసి తెరవండి' అంది.

"టైరు కళ్లెలా మూస్తుందే?"

"జరగండి." ఆమె పైటకొంగుని టైరు మీద కప్పి, తీసింది.

'ధన్యవాదాలు. మీరు జీవించి ఉన్నారు.'

మూడున్నరకి పరిశీలకుడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు, చేతిలో తాపీమేస్త్రీలు వాడే రసమట్టం. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఫైలు మూశాడు.

"ఫారంలో తెలుపు అన్నారు. ఇవి నీలం."

బీరువా వంగి చూశాడు. నిజమే, అక్షరాలు నీలంగా ఉన్నాయి. కొత్త టైర్ల సంబరంలో అతనూ, ఫారం హడావుడిలో ఆమే చూసుకోలేదు. టైర్ల షాపువాడికి ఫోన్ చేశాడు.

"అది పూత అన్నా! తెలుపు మాసిపోకుండా కంపెనీవాళ్లే పూస్తారు. సబ్బునీళ్లతో రుద్దు, వదిలిపోద్ది."

గేటు దగ్గర గోడకి ఆనుకుని చూస్తున్న తాడు పెద్దగా నవ్వాడు. తాడు కూడా సామాన్లు మోసేవాడే. ఏ వస్తువునైనా తాడేసి బిగించేస్తాడు. రెండు పికప్‌లు ఉన్నాయి, కాగితం ఒక్కటీ లేదు. "బీరువా బావా, స్నానం చేయిస్తున్నావా? సాంబ్రాణి కూడా వెయ్యి!" అని అరిచాడు.

మొగుడూ పెళ్లాలు చెరో వైపూ కూర్చుని రుద్దారు. నాలుగుంబావుకి తెలుపు మిలమిలా బయటపడింది. పరిశీలకుడు సంతృప్తిగా తల ఊపి, రసమట్టం టైరుకి ఆనించాడు.

"అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి."

"చక్రం కదండీ! తిరుగుతుంది కదా మరి!" అన్నాడు బీరువా.

"తిరగడం మా శాఖ పరిధిలోకి రాదు. చదవడానికి వీలుగా నాలుగూ ఏకకాలంలో నిటారుగా ఉండాలి. నిబంధన పదిహేడు."

"ఇది రాసినాయన పికప్ ఎప్పుడైనా చూశారాండీ?" అని అడిగింది ఆమె మర్యాదగా.

"ఆయనకి కారు ఉందమ్మా. డ్రైవరు తోలుతాడు."

బీరువా జాకీ లాగాడు. ఒక చక్రం ఎత్తడం, తిప్పడం, ఆమె "ఇంకొంచెం... ఆఁ, ఆగండి!" అనడం, దింపడం, ఇటుక పెట్టడం. రెండు అయ్యాయి. మూడు అయ్యాయి. నాలుగోది దింపుతుంటే పరిశీలకుడు సంతకం పెట్టడానికి ఫైలుతో బానెట్ మీద వాలాడు. బండి కొంచెం ఊగింది.

"కదలకండి!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

పరిశీలకుడు శిలావిగ్రహంలా నిలబడిపోయాడు. బీరువా పాక్కుంటూ వెళ్లి చివరి ఇటుక దోపాడు. రసమట్టంలో బుడగ నడిమధ్యకి వచ్చి ఆగింది. నాలుగూ యాభై ఎనిమిదికి ముద్ర పడింది. బీరువా పెళ్లాన్ని అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు.

"దింపండి, పత్రం వెనకాల ఏదో రాసుంది," అందామె గాల్లోంచే.

వెనకాల చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: 'ధ్రువీకరించిన స్థితి నుంచి అక్షరాలు పక్కకు ఒరిగినచో ఈ పత్రం చెల్లదు.'

బీరువా మళ్లీ చదివాడు. "అంటే బండి కదపకూడదా?"

"నిరభ్యంతరంగా కదుపుకోండి. టైర్లు మాత్రం తిరక్కూడదు," అన్నాడు పరిశీలకుడు, స్కూటర్ ఎక్కుతూ.

బీరువా మెట్ల మీద కూలబడ్డాడు. నలభై రోజుల పని కళ్లముందే నాలుగు ఇటుకల మీద నిలబడిపోయింది. ఆమె మాత్రం కూర్చోలేదు. లైబ్రరీ ఒప్పందం తీసి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఒకచోట వేలు ఆగింది.

"ఏవండీ, 'ధ్రువీకరించిన బండి పని జరిగినన్నాళ్లూ ఆవరణలో హాజరుగా ఉండవలెను' అని ఉంది."

"ఉంటే?"

"హాజరుగా ఉండాలన్నారు గానీ, మోయాలని ఎక్కడా లేదు. మోయడానికి సహాయక వాహనాలు పెట్టుకోవచ్చంట. వాటికి కాగితాలు అడగలేదు."

ఇద్దరూ నెమ్మదిగా గేటు వైపు తిరిగారు. తాడు నవ్వు ఆపేశాడు.

"నన్నెందుకు అలా చూస్తున్నారు? నా టైర్ల మీద అక్షరాలు అరిగిపోయాయి, ఏముందో నాకే తెలీదు!"

"అందుకే తమ్ముడూ, నువ్వే కావాలి," అందామె, పది కాగితాలూ పట్టుకుని లైబ్రరీ ఆఫీసు వైపు పరుగెత్తుతూ.

నలభై రోజులూ తాడు బండ్లు రెండూ రాక్‌లు మోశాయి. బీరువా వీపు మీదికెత్తుతుంటే తాడు బిగించాడు. నిండు తెలుపు అక్షరాల పికప్ వేపచెట్టు నీడన కదలకుండా ధగధగలాడింది. పనివాళ్లు దాని తొట్టిలో మధ్యాహ్నం కునుకు తీశారు.

ఏడాది చివర శాఖ తన నివేదిక వెలువరించింది. పార్శ్వాక్షర ధ్రువపత్రం పొందిన వాహనాల్లో ఒక్కటి కూడా ప్రమాదానికి గురికాలేదు. ఈ ఘనవిజయం దృష్ట్యా, వచ్చే ఏడాది నుంచి ఇవే నిబంధనలను అంబులెన్సులకు వర్తింపజేస్తున్నారు.