పన్నెండు గంటల పిలుపు

ఆ మంగళవారం పొద్దున నగరిలో బస్సు దిగిన ఉదయలక్ష్మి చేతిసంచిలో ఆ రోజు పనులన్నీ రాసుకున్న కాగితం ఉంది. పదింటికి రఘునాథ్ సార్ రాక. పదీపావుకు ప్రత్యేక కార్యక్రమం. పదకొండుకు కాఫీ, మురుగేష్ అంగడి నుంచి బోండాలు. పదకొండున్నరకు సార్ సంతోషంగా తిరుపతి బయలుదేరడం. ‘సంతోషంగా’ అన్న మాట కింద ఆమె రెండు గీతలు గీసుకుంది.

ఉదయలక్ష్మి పన్నెండేళ్లుగా మరమగ్గం రేడియోలో అనౌన్సరు. రేడియో స్టేషను అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. మగ్గాల వీధిలో ఒక మేడమీద రెండు గదులు, శబ్దం లోపలికి రాకుండా గోడలకు కొట్టిన పాత పరుపులు, ఒక కంప్యూటరు, దాన్ని రోజూ బతిమాలుకుని నడిపించే పాల్. అంతే. తిరుపతిలోని ఒక ట్రస్టు దాన్ని నడుపుతోంది. ఆ ట్రస్టు పెద్దలకు ఈమధ్య ఒక అనుమానం పట్టుకుంది. అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉండగా ఇంకా రేడియో వినేదెవరు? వింటున్నారని రుజువు లేకపోతే నెలాఖరుకు మూసేస్తామని ఉత్తరం రాశారు. ఆ రుజువు చూడడానికే ట్రస్టు తరఫున రఘునాథ్ వస్తున్నాడు.

ఉదయలక్ష్మికి తెలిసిన రుజువు కుప్పమ్మ ఒక్కతే. రోజూ ఫోన్ చేసి అదే పాట అడిగే శ్రోత ఆవిడ. ఆ కుప్పమ్మ మొక్కు తీర్చుకోవడానికి సరిగ్గా ఆ రోజే అలిపిరిలో మెట్లెక్కడం మొదలుపెట్టింది.

“ఒక్క దినం ఆగి పోగూడదా ఆయమ్మ?” అన్నాడు పాల్.

“దేవునికి చెప్పుకున్న మాట గదబ్బా. మన రేడియో కోసం కూడా మొక్కుకుంటానని చెప్పింది,” అంది ఉదయలక్ష్మి. మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుని బతికే తనకు ఒక గొంతు ఉందని చెప్పింది ఈ రేడియోనే. ఇది మూతపడితే ఉద్యోగం పోతుందన్న దిగులు కంటే, పన్నెండేళ్లు గోడలతో మాట్లాడానా అన్న దిగులే ఆమెను ఎక్కువగా తినేస్తోంది.

రఘునాథ్ పదింటికి ఠంచనుగా వచ్చాడు. సన్నటి మనిషి, సన్నటి ఫైలు. కుర్చీలో కూర్చుని, ‘శ్రోతల సంఖ్య’ అన్న చోట కలం ఆనించి ఎదురుచూశాడు. కలం కదలలేదు.

పదీపావుకు ‘పన్నెండేళ్ల పిలుపులు’ కార్యక్రమం మొదలైంది. పిలుపు అంటే స్టేషను తన పేరు చెప్పుకునే ముందు మోగే చిన్న రాగం. మరమగ్గం రేడియోకు రోజుకు ఐదు పిలుపులు. ఆరింటికి, పన్నెండింటికి, ఒంటిగంటకు, నాలుగింటికి, రాత్రి ఎనిమిదికి. అయిదూ నాదస్వరం మీద వాయించినవే. ఊళ్ళోకి కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో లోకల్ ఛానల్ వాళ్ళు కొండ బొమ్మ చూపించి పేరు చెప్పుకోవడం దగ్గర నుంచి తమ పిలుపుల దాకా ఆ చరిత్రంతా ఉదయలక్ష్మి చక్కగా రాసుకొచ్చింది.

“ఇది మన ఉదయం ఆరు గంటల పిలుపు,” అని వినిపించింది. వీధిలో ఏమీ మారలేదు. పనిలో ఉన్నవాళ్ళను పని మొదలుపెట్టమంటే ఏం చేస్తారు? “ఇక ఇది, శ్రోతలారా, మన మధ్యాహ్నం పన్నెండు గంటల పిలుపు.” నాదస్వరం ఖంగుమని మోగింది.

ఒక్క నిమిషం తర్వాత రఘునాథ్ తలెత్తాడు. “మేడం, ఇందాకటి దాకా బయట ఏదో టకటకమని చప్పుడొస్తుండె కదా?”

నిజమే. పరుపుల గోడలను కూడా దాటుకుని, అన్నాల వేళ తప్ప రోజంతా వినిపించే మగ్గాల మోత ఉన్నట్టుండి ఆగిపోయింది.

“కరెంటు పోయినట్లుండాది,” అన్నాడు పాల్. అన్నాక తలెత్తి ఫ్యాను వంక చూశాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఉదయలక్ష్మి ఒక పాట పెట్టి బయటి గది కిటికీ దగ్గరికి పరుగెత్తింది. వీధి నిండా జనం. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో క్యారియరు. అరుగుల మీద కూర్చుని మూతలు తీస్తున్నారు. వాళ్ళను దాటుకుంటూ, పంచె ఎగ్గట్టి, ఎనిమిది మగ్గాల ఆసామి కోదండం మేడమెట్లు ఎక్కుతున్నాడు.

“ఏమ్మా, పదీ ఇరవైకే పన్నెండు కొట్టేస్తివే! నా మగ్గాలన్నీ నిలబడిపోయినాయి!”

“నేను కొట్టలేదన్నా, పాత పిలుపు వినిపిస్తాండాను! అది చెప్పి గదా వేసినాను!”

“మగ్గం నడస్తావుంటే నీ మాటలు యాడ వినపడతాయమ్మా? ఆ నాదస్వరం ఒక్కటే వినపడేది!”

ఉదయలక్ష్మి మైకు ముందుకు పరుగెత్తి, ఇప్పుడు సమయం పదీ ఇరవై రెండేనని స్పష్టంగా, మర్యాదగా చెప్పింది. వినడానికి షెడ్లలో రేడియోల దగ్గర ఎవరూ లేరు. అందరూ బయట అన్నం తింటున్నారు.

“ఒంటిగంట పిలుపు వెయ్యక్కా. అది వింటే పనిలోకి పోతారు,” అన్నాడు పాల్. సలహా బాగానే ఉంది. ఒంటిగంట పిలుపు మోగింది. జనం గబగబా తినేసి, మూతలు పెట్టేసి లోపలికి నడిచారు. మగ్గాలు మళ్ళీ టకటకమన్నాయి. కోదండం పంచె దించుకున్నాడు. రెండు నిమిషాలే ఆ సంతోషం. ఆ వీధికి ఒంటిగంట పిలుపు వినే నీళ్ళు వదులుతారని స్టేషనులో ఎవరికీ తెలియదు. ట్యాంకు దగ్గర మునికుమార్ వాల్వు తిప్పేశాడు. కుళాయిల్లో నీళ్ళు బుసబుసమన్నాయి. ఆడవాళ్ళంతా మగ్గాలు వదిలి బిందెల కోసం ఇళ్ళకు పరుగెత్తారు.

“నీళ్ళు ఆపు తల్లీ!” అన్నాడు కోదండం, పంచె మళ్ళీ ఎగ్గడుతూ.

“నేనెట్లా ఆపేదన్నా?”

“నాలుగింటి పిలుపు వెయ్యి. వాడు కట్టేస్తాడు!”

వేసింది. మునికుమార్ బుద్ధిమంతుడు, వెంటనే కట్టేశాడు. బిందెలు సగం నిండిన ఆడవాళ్ళు ట్యాంకు వైపు కదిలారు. కింద మురుగేష్ రోజూ నాలుగింటికి వేసే బోండాల వాయి కాగిన నూనెలో వేసేశాడు. వీధి చివరి బడిలో అటెండరు లాంగ్ బెల్ కొట్టాడు. టీచర్లకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. పిల్లలకు రాలేదు. సంచులు ఎగరేసుకుంటూ మూడువందల మందీ వీధిలోకి వచ్చి పడ్డారు.

రఘునాథ్ కలం మూత పెట్టేశాడు. అయిపోయింది, అనుకుంది ఉదయలక్ష్మి. వినేవాళ్ళు లేరని మూసేసేవాళ్ళు, ఇప్పుడు ఊరిని ఆగం చేసిందని మూసేస్తారు.

“అక్కా, కంప్యూటరు మొండికేస్తే ఏం జేస్తాం? ఒకసారి ఆపి మళ్ళా పెడతాం. ఊరిని కూడా అట్లే చేద్దాం,” అన్నాడు పాల్. “రాత్రి ఎనిమిది గంటల ముగింపు పిలుపు వేసేస్తాం. ఆ వెనకాలే ఆరింటి పిలుపు. మళ్ళా పొద్దున్నించి మొదలుపెడతారు.”

అలాంటి సలహా మామూలు రోజున అయితే ఉదయలక్ష్మి వినేది కాదు. ఆ రోజు వింది. ముగింపు పిలుపు నిదానంగా, మంగళం పాడినట్టు, ఊరంతా మోగింది. ఆరింటి పిలుపు మోగలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే కంప్యూటరు నిజంగానే మొండికేసింది. రేడియోలో చడీచప్పుడూ లేదు.

కింద బోండాల గరిటె ఆగిపోయింది. తిరుపతి నుంచి ఎవరో సార్ వస్తున్నాడని, ఆయనకు బోండాలు కావాలని పొద్దున ఉదయలక్ష్మి చెప్పిన సంగతి మురుగేష్‌కు గుర్తొచ్చింది. ఆ సార్ దేనికి వస్తున్నాడో కూడా అతనికి తెలుసు. పట్టపగలు ముగింపు పిలుపు, ఆ తర్వాత ఒక్క మాటైనా లేదు. ఇంకేముంది?

“రేడియో మూసేసినారంట!” అని అతను ఒక్క కేక పెట్టాడు. మిగతా పని వీధి చేసింది.

అయిదు నిమిషాల్లో మేడమెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు. బిందెలతో ఆడవాళ్ళు, సంచులతో పిల్లలు, వాల్వు తిప్పే ఇనుపకడ్డీతో మునికుమార్. అందరికంటే ముందు నేతపని చేసే మునిరత్నమ్మ, జుట్టునిండా దూదితో. తనను తిట్టడానికే వచ్చారనుకుని ఉదయలక్ష్మి రెండు చేతులూ జోడించింది.

“తప్పయిపోయిందక్కా. మీ దినమంతా పాడుజేసినాను.”

“నిన్నెవరు అన్నారు ఉదయమ్మా? నువ్వు పక్కకు రా,” అని మునిరత్నమ్మ రఘునాథ్ ముందు నిలబడింది. “సార్, మీరేనా రేడియో మూసేసింది?”

“నేనింకా ఏమీ చెయ్యలేదమ్మా,” అన్నాడు రఘునాథ్ ఫైలు గుండెకు ఆనించుకుని. “వినేవాళ్ళు ఉన్నారో లేదో కనుక్కోవడానికి వచ్చాను.”

“ఇనేవాళ్ళా? సూడు సార్, ఈ ఆసామి గడియారం మధ్యాహ్నం పూట నెమ్మదిగా నడస్తాది.”

“వాళ్ళ ఫోన్లు పన్నెండు కాకముందే పరుగెత్తుతాయి సార్,” అన్నాడు కోదండం.

“ఎన్నేండ్లు కొట్లాడినామో! ఈ రేడియో వచ్చినాకనే కొట్లాట పోయింది. దీని గడియారం ఆయనకూ చుట్టం కాదు, మాకూ చుట్టం కాదు. ఇందాక అన్నం ముందర కూర్చుంటే నాకు ఆకలే కాలేదు, అయినా తినేసినాను సార్. వయసు మీద పడతాండాది అనుకొన్నానే గానీ, ఉదయమ్మ టైము తప్పు చెప్తాదని అనుకోలేదు!”

ఉదయలక్ష్మికి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. “ఇన్నేండ్లలో ఒక్కరైనా నాకు చెప్పలేదేంటక్కా?” అంది.

“పొద్దు పొడుస్తాండాదని సూర్యుడికి ఎవరన్నా చెప్తారా?” అంది మునిరత్నమ్మ తేలిగ్గా.

గోడలతో మాట్లాడానని ఇన్నాళ్ళు దిగులుపడిన మనిషి, ఆ గోడల అవతల ఒక ఊరు తన మాట మీద అన్నం తిని, నీళ్ళు పట్టుకుని, బిడ్డలను ఇంటికి పిలుచుకుందని అప్పుడు తెలుసుకుంది. ఎవరికని కృతజ్ఞత చెప్పాలి? మెట్ల మీద అందరికీ వరసగా, ఇనుపకడ్డీ పట్టుకున్న మునికుమార్‌తో సహా, చేతులు జోడించుకుంటూ వెళ్ళింది. కోదండం దగ్గరికి వచ్చేసరికి ఆయనే ముందు జోడించాడు.

రఘునాథ్ ‘శ్రోతల సంఖ్య’ దగ్గర కలం పెట్టి మెట్ల మీది జనాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వీధి దాకా వచ్చాక వదిలేసి, ‘లెక్కకు అందలేదు. స్టేషను కొనసాగాలి’ అని రాసి సంతకం పెట్టాడు. నాలుగింటి బోండాలు పదకొండుకు తిని, పదకొండున్నరకు సంతోషంగా తిరుపతి బయలుదేరాడు. కాగితం మీద ఉదయలక్ష్మి రాసుకున్నది రాసుకున్నట్టే జరిగింది.

పాల్ బతిమాలగా బతిమాలగా కంప్యూటరు లేచింది. పిల్లలను టీచర్లు తోలుకుపోయారు. మగ్గాలు మళ్ళీ మోగాయి. సరిగ్గా పన్నెండు అవుతుండగా ఉదయలక్ష్మి ముఖం కడుక్కుని, బొట్టు సరిచేసుకుని, పన్నెండేళ్లలో మొట్టమొదటిసారి స్టూడియో కిటికీ బార్లా తెరిచింది. తన పిలుపుకు వీధి వీధంతా ఆగడం ఒక్కసారి చెవులారా వినాలని ఆమె కోరిక. నిమిషాల ముల్లు నిటారుగా నిలబడగానే పన్నెండు గంటల పిలుపు వేసి, ఊపిరి బిగబట్టి నిలుచుంది.

ఒక్క మగ్గమూ ఆగలేదు. ఊరంతా అప్పటికే అన్నం తినేసి ఉంది.